గోడ మీదికి గోదావరి వంతెన: ఏ వంతెన, ఏ ఒడ్డు, ఏ వెలుగు, ఏ ప్రింటు?

రాజమండ్రి ఘాట్లలో సాయంత్రం పూట వంతెన ఫొటో తీయని ఫోన్ ఉండదు. వాటిలో గోడెక్కేవి మాత్రం చాలా తక్కువ. స్టేటస్‌లో మెరిసిపోయిన ఫొటో రెండడుగుల ప్రింటుగా వచ్చేసరికి నల్లబడిపోతుంది, లేదా బ్యాంకు వాళ్ళిచ్చిన క్యాలెండర్‌లా ఉంటుంది. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు. ముందు ఫొటో తీసేసి తర్వాత గోడ వెతుక్కుంటాం. గోడ చూసుకుని గోదావరికి వెళ్తే సగం ప్రశ్నలు దారిలోనే తీరిపోతాయి.

ఇక్కడ పోలుస్తున్నవి రాజమండ్రి, కొవ్వూరు మధ్య ఉన్న మూడు రైలు వంతెనలు: పాత హేవలాక్, ఆర్చి బ్రిడ్జి, రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి. 2015లో వచ్చిన నాలుగో వంతెన మీద రోడ్డే గానీ రైలు లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

గోడ ఆకారం. సోఫా వెనక గోడకి అడ్డంగా సాగే ఫొటో కావాలి. రెండు తలుపుల మధ్య ఉండే సన్నటి గోడకి నిలువు ఫొటో కావాలి. వంతెన స్వభావం అడ్డం. అందుకే నిలువు గోడ ఉన్నవాళ్ళు వంతెన మొత్తం కావాలన్న ఆశ వదిలేసుకుని, ఒక స్తంభం, దాని నీడ, పైన ఆకాశం చాలనుకోవాలి.

ఎంత దూరం నుంచి చూస్తారు. హాల్లో పది అడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి పెద్ద ఆకారం ముఖ్యం. వరండాలోనో మెట్ల దగ్గరో పక్కనే నడుస్తూ చూసేదైతే రాళ్ళ గరుకుదనం, రివిట్ల వరసలు కూడా లెక్కలోకి వస్తాయి.

గదిలో వెలుతురు. సాయంత్రం ఫొటో సహజంగానే చీకటిది. చీకటి గదిలో పెడితే ఫ్రేము తప్ప ఏమీ కనబడదు.

రోజూ చూడగలమా. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాణం ఇదే. నిప్పులాంటి ఎర్ర సూర్యుడు వారం రోజులు బాగుంటాడు. తర్వాత ఆ గోడవైపు కళ్ళు పోవడం మానేస్తాయి. సూర్యుడు మునిగాక వచ్చే ఊదా, నీలం రంగులు మాత్రం ఏళ్ళ తరబడి విసుగు పుట్టించవు.

## మూడు వంతెనలు

### హేవలాక్: పాత బ్రిడ్జి

1897లో పని మొదలై 1900లో రైళ్ళు నడిచాయి. కట్టిన ఇంజనీరు ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగ మీది డఫరిన్ బ్రిడ్జి కట్టిందీ ఆయనే. అప్పటి మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరు దీనికి పెట్టారు. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు (దూలాలు), మొత్తం 56 ఖానాలు (రెండు స్తంభాల మధ్య జాగాలు), ఒక్కో ఖానా 150 అడుగులు. దాదాపు వందేళ్ళు మద్రాసు–హౌరా లైనును మోసి, 1997లో రైళ్ళకు సెలవు చెప్పింది.

గోడ ఫొటోకి దీని బలం ఆ వరసే. ఒకే కొలత, ఒకే రకం స్తంభం, ఒకదాని వెనక ఒకటి చిన్నదవుతూ నది మధ్యకి పోతుంది. ఒడ్డున పక్కగా నిలబడితే దగ్గరి స్తంభం మీద వరద నీళ్ళు వదిలిన చారలు, రాళ్ళ అతుకులు కనబడతాయి. పదో స్తంభం దగ్గరికొచ్చేసరికి అది ఉత్త నల్లగీత. ఈ తేడా వల్లే ప్రింటులో లోతు కనబడుతుంది.

దీని బలహీనతా అక్కడే ఉంది. కదలిక లేదు, రైలు రాదు. చీకటి పడితే గర్డర్లు ఆకాశంలో కలిసిపోతాయి. అందుకని దీనికి దొరికే సమయం తక్కువ.

ఇంకో ఆశ కూడా మానుకోవాలి: వంతెన మొత్తం ఒక్క ఫ్రేములో ఇరికించడం. 56 ఖానాలను 36 అంగుళాల ప్రింటులో పరిస్తే ఒక్కొక్కటి ముప్పాతిక అంగుళం కూడా రాదు. గోడ మీద అది వంతెనలా ఉండదు, దారప్పోగులా ఉంటుంది. ఎనిమిదో పదో ఖానాలు చాలు. మిగతావి ఉన్నాయని చూసేవాళ్ళకి అర్థమవుతుంది.

తొందరపడటానికి కారణం కూడా ఉంది. ఈ వంతెనను పర్యాటక స్థలంగా మార్చే అఖండ గోదావరి ప్రాజెక్టుకి 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. దీపాలు, రంగులు, రెయిలింగులు వచ్చాక అది వేరే ఫొటో. తుప్పు రంగు గర్డర్లు, దీపాల్లేని చీకటి ఇష్టమైనవాళ్ళు వాయిదా వేయకండి.

### ఆర్చి బ్రిడ్జి

రాజమండ్రి అనగానే అందరి కళ్ళలో మెదిలేది ఇదే. హేవలాక్ బదులుగా కట్టిన కాంక్రీటు వంతెన, 1997లో పూర్తయింది. విల్లులాంటి 28 ఆర్చిలు, ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్లు. 28 అంటే పాత వంతెన ఖానాల్లో సరిగ్గా సగం. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకే ఫ్రేములో పట్టుకుంటే ఒక ఆర్చికి రెండు పాత ఖానాల చొప్పున నడుస్తాయి. ఈ లెక్క తెలిశాక ఒక్క వంతెనే తీయడం కష్టం.

చీకట్లో కూడా ఆకారం గుర్తుపట్టగలిగేది ఈ వంతెనే. పైగా రైళ్ళు తిరుగుతూనే ఉంటాయి. సాయంత్రం రైలు దాటుతున్నప్పుడు స్లీపరు బోగీల కిటికీలు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతాయి. ఏసీ బోగీల రంగు అద్దాల్లోంచి వెలుగు అంతగా రాదు. గూడ్సు బండైతే ఉత్త నల్ల పట్టీ. ఫొటోలో రైలు బతికున్నట్టు ఉండాలంటే స్లీపరు, జనరల్ బోగీలు ఎక్కువున్న బండి కోసం కాచుకోవాలి.

కొంచెం లెక్క: గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఒక ఆర్చిని ఆరు సెకన్లలో దాటుతుంది. 22 ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) బోగీల బండి ఐదు ఆర్చిల కన్నా పొడవుంటుంది. అంటే మూడు ఆర్చిల ఫ్రేములో ఇరవై సెకన్ల ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుగును లోపలికి తీసుకునే సమయం) ఇస్తే రైలు మాయమై వెలుగు గీత మిగులుతుంది. సెకనులో 250వ వంతు ఇస్తే బోగీ, కిటికీ విడివిడిగా వస్తాయి, కానీ ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) పెంచాలి, గింజ పడుతుంది, అంటే ఫొటో చుక్కలుచుక్కలుగా గరుకవుతుంది. గోడకి నేను వెలుగు గీతనే ఎంచుకుంటాను. పిల్లలున్న ఇంట్లో మాత్రం రైలు రైలులాగే ఉండాలి!

లోపం: అందరూ తీసేశారు. ఆర్చి వెనక సూర్యుడు ఉన్న ఫొటో ఊళ్ళో హోటలు గోడల మీదే బోలెడు ఉన్నాయి. మీది వేరుగా ఉండాలంటే వెలుగు మార్చాలి, లేదా ఒడ్డు మార్చాలి.

### రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి

1974 నాటిది. పైన రోడ్డు, కింద రైలు. ఊరివాళ్ళకి దీనితోనే అనుబంధం ఎక్కువ. కొవ్వూరు వెళ్ళాలంటే ఏళ్ళ తరబడి బస్సు దీనిమీదే. ఫొటోగా మాత్రం మూడింట్లో కష్టమైనది ఇదే. గర్డర్లు దట్టంగా ఉంటాయి, దూరం నుంచి బరువైన గోడలా కనబడుతుంది. పైన వాహనాల లైట్లు వెలిగాకే దీనికి ప్రాణం వస్తుంది. పైన ఎర్రటి, తెల్లటి గీతలు, కింద రైలు గీత ఒకే ఎక్స్‌పోజర్‌లో పడితే అద్భుతమే. అది దొరకడానికి ఓపిక కావాలి. వంతెన మీదే ట్రైపాడ్ పెడదామనుకోకండి. బరువైన బండి పోయినప్పుడల్లా నేల అదురుతుంది, పైగా నిలబడే చోటు ఇరుకు.

| | హేవలాక్ | ఆర్చి | రోడ్ కమ్ రైల్ |
|---|---|---|---|
| ఎప్పటిది | 1900 | 1997 | 1974 |
| చీకట్లో ఆకారం | త్వరగా కలిసిపోతుంది | స్పష్టంగా ఉంటుంది | లైట్ల వల్లే తెలుస్తుంది |
| రైలు | లేదు | ఉంది | ఉంది, పైన వాహనాలు కూడా |
| మంచి సమయం | సూర్యుడు మునిగిన తర్వాత 5–15 నిమిషాలు | అస్తమయం నుంచి నీలం వెలుగు (సూర్యుడు మునిగిన ఇరవై నిమిషాల తర్వాత) దాకా | పూర్తి నీలం వెలుగు |
| నప్పే ప్రింటు | పొడవాటిది, 36×12 అంగుళాలు | 24×16 లేదా 30×20 | 24×16 |
| వేరుగా కనబడుతుందా | అవును | ఒడ్డు మారిస్తేనే | అవును, కష్టపడితే |

## ఏ ఒడ్డు?

రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. కాబట్టి సాయంత్రం ఘాట్ల నుంచి చూస్తే సూర్యుడు నది అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. వంతెన నల్లగా, ఆకాశం రంగుల్లో వస్తాయి. పుష్కర ఘాట్ మెట్లు సులువైన చోటు: ఆటో దిగితే చాలు, కుటుంబంతో వెళ్ళొచ్చు. జనం మాత్రం ఉంటారు. హారతి వేళకి మెట్ల మీద ట్రైపాడ్ కాళ్ళు పెట్టడం మర్యాదగా ఉండదు, పక్కకి జరగాలి.

పడమర వైపు చూస్తూ నిలబడితే డిసెంబరులో సూర్యుడు ఎడమ చేతివైపుకి జరిగి దిగుతాడు, జూన్‌లో కుడివైపుకి. వంతెన వెనకే సూర్యుడు రావాలంటే మీరు వంతెనకి ఏ పక్కన నిలబడాలన్నది దీన్నిబట్టే మారుతుంది. కిందటి సంక్రాంతికి బాగా వచ్చిందని వేసవిలో అదే మెట్టు మీదికి వెళ్తే సూర్యుడు అక్కడ ఉండడు. హేవలాక్, ఆర్చి పక్కపక్కన ఉన్నందువల్ల ఇంకో చిక్కు ఉంది: మీరు నిలబడిన వైపు ఏదుంటే అది రెండోదాన్ని కప్పుతుంది. పాత బ్రిడ్జి కావాలనుకునేవాళ్ళు అది ముందుండే వైపుకి పగలే వెళ్ళి చోటు చూసుకోవాలి.

కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు కథే వేరు. సూర్యుడు మీ వెనక ఉంటాడు, ఆఖరి పసుపు వెలుగు స్తంభాల మీద పడుతుంది. నల్లనీడ బదులు రాయి, ఇనుము, కాంక్రీటు వాటి వాటి రంగుల్లో కనబడతాయి. సూర్యుడు మునిగాక తూర్పు ఆకాశంలో కింద బూడిద నీలం, పైన లేత గులాబీ పట్టీ లేస్తుంది. దాని కింద రాజమండ్రి లైట్లు ఒక్కొక్కటే వెలుగుతాయి. గోడకి ఇంత సరిపోయే రంగులు అవతలి ఒడ్డున దొరకవని నా నమ్మకం.

ఇక్కడే పంచాంగం పనికొస్తుంది. పౌర్ణమి నాడు సూర్యుడు దిగే వేళకే తూర్పున చంద్రుడు లేస్తాడు. పౌర్ణమికి ముందు రోజైతే ఇంకా మంచిది, సూర్యుడు ఉండగానే చంద్రుడు కొంత పైకొచ్చి ఉంటాడు. ఆకాశంలో వెలుగు మిగిలి ఉంటుంది కాబట్టి వంతెనా చంద్రుడూ ఒకే ఎక్స్‌పోజర్‌లో కుదురుతాయి. కార్తీకంలో అవతల ఘాట్లలో దీపాలు కూడా ఉంటాయి.

మూడో దారి పడవ. నీటి మట్టం నుంచి తీస్తే వంతెన పొడవుగా, గంభీరంగా వస్తుంది. కానీ కదిలే పడవలో, వెలుగు తగ్గాక ఇచ్చే పొడవాటి ఎక్స్‌పోజర్లు కుదరవు, ట్రైపాడ్ పెట్టినా లాభం లేదు. సూర్యుడు ఉన్నంతసేపే పడవ. చీకటి పడేలోపు ఒడ్డు చేరాలని సరంగుతో ముందే మాట్లాడుకోండి.

పట్టాల మీదికి, వంతెన మీది రైల్వే కాలిబాట మీదికి మాత్రం వద్దు. ప్రమాదం ఒక సంగతి, 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 కింద అది నేరం కూడా. డ్రోన్ ఆలోచన ఉంటే అనుమతులు ముందు, బ్యాటరీ చార్జింగ్ తర్వాత.

## సూర్యుడా, సంధ్యా, నీలమా?

మన దగ్గర చీకటి గబుక్కున పడుతుంది. అస్తమయం తర్వాత పనికొచ్చే వెలుగు అరగంటలోపే. రాజమండ్రిలో డిసెంబరు నెలలో సూర్యుడు ఐదున్నర దాటగానే దిగుతాడు, జూన్‌లో ఆరున్నర దాటాక. ఆ కాసేపట్లో మూడు వేర్వేరు ఫొటోలు ఉన్నాయి.

సూర్యబింబం ఉన్నప్పుడు తీసేది సులువు. ఫోన్ చాలు, చేత్తో పట్టుకున్నా చాలు. బింబం మునిగి పది నిమిషాలైతే నీళ్ళు, ఆకాశం ఒకే రంగులోకి వస్తాయి. హేవలాక్‌కి ఇదే సమయం. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ 100, ఎఫ్8 (లెన్సు రంధ్రం కొలత) పెట్టి సెకను దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. ఇరవై నిమిషాలు దాటాక నీలం చిక్కబడుతుంది, లైట్లు పైచేయి అవుతాయి, ఎక్స్‌పోజర్ పది, పదిహేను సెకన్లకి చేరుతుంది. రైలు గీతకి, రోడ్ బ్రిడ్జి లైట్లకి అప్పుడే.

చాలామంది సూర్యుడు మునగ్గానే బ్యాగు సర్దేస్తారు. గోడకి కావాల్సిన ఫొటో అప్పుడే మొదలవుతుంది.

నెలల సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్ళు నిలకడగా ఉంటాయి, ప్రతిబింబం దొరుకుతుంది, ఆకాశంలో మబ్బులు తక్కువ. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద. ఎర్ర నీళ్ళు స్తంభాలని ఒరుసుకుంటూ పోతాయి, వానవెలిసిన సాయంత్రం మబ్బులకి మంటలు అంటుకున్నట్టుంటుంది. నీలం వెలుగులో ఎర్ర నీళ్ళు బురదలా వస్తాయి కాబట్టి వరద ఫొటోకి నలుపు తెలుపే నయం. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. ఆ వార్త వచ్చాక ఘాట్ కింది మెట్లకి దిగకండి. ఎండాకాలంలో ఇసుక తిన్నెలు తేలతాయి, గాలిలో దుమ్ము. ఆ దుమ్ము వల్లే సూర్యుడు ఎర్ర బంతిలా ఉంటాడు.

## ఫోనా, కెమెరానా?

అనుకున్నంత పెద్ద తేడా లేదు, ఒక హద్దు వరకు. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే 6000×4000 చుక్కలు, అంగుళానికి 200 చొప్పున 30×20 అంగుళాల ప్రింటుకి సరిగ్గా సరిపోతాయి. ఫోన్ ఇచ్చే 12 మెగాపిక్సెల్ ఫొటో 18×12 దాకా హాయిగా వెళ్తుంది. ఫోన్‌తో అసలు సమస్య జూమ్. వెలుగు తగ్గాక చాలా ఫోన్లు జూమ్ లెన్సు వదిలేసి మెయిన్ కెమెరా ఫొటోనే కత్తిరించి ఇస్తాయి. అందుకని 1ఎక్స్‌లోనే ఉండి, కాళ్ళతో దగ్గరికి నడవండి. ఫోన్‌కి కూడా చిన్న ట్రైపాడ్, టైమర్ కావాలి.

36×12 లాంటి పొడవాటి ప్రింటుకి ఒక్క ఫొటో కత్తిరించే బదులు కెమెరాని నిలువుగా పట్టి, మూడో వంతు ఒకదానిమీద ఒకటి పడేలా ఐదారు ఫ్రేములు తీసి కలుపుకోండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేసి మొదలుపెట్టాలి. ఆ మధ్యలో రైలొస్తే బోగీలు తెగిపోతాయి. హేవలాక్ మీద రైలు లేకపోవడం ఇక్కడ లాభం.

## ప్రింటు దేనిమీద?

ఫ్రేము కట్టిన మ్యాట్ కాగితం. నా మొదటి ఎంపిక. లేత గులాబీ, ఊదా రంగులు దీనిమీద నెమ్మదిగా విచ్చుకుంటాయి. కొవ్వూరు వైపు ఫొటోలకి ఇదే. నలుపు మాత్రం కాస్త బూడిదగా వస్తుంది, కాబట్టి సిల్హౌట్ (నల్లనీడ) ఫొటోకి అంత నప్పదు. మామూలు అద్దం వేస్తే మీ కిటికీ, ట్యూబ్‌లైటు అందులో కనబడతాయి. నాన్ రిఫ్లెక్టివ్ అద్దం అడగండి. ఖర్చు పెరుగుతుంది, పెట్టదగ్గ ఖర్చే.

కాన్వాస్. అద్దం ఉండదు, బరువు ఉండదు, గింజను దాచేస్తుంది. ఫోన్ ఫొటోలకి ఇది దయగలది. కానీ గుడ్డ నేతలో గర్డర్ల సన్నటి గీతలు మాయమవుతాయి. చెక్క చుట్టూ మడవడానికి ప్రతి పక్కా ఒకటిన్నర, రెండు అంగుళాలు పోతుంది. ఆ జాగా వదలకుండా ఇస్తే చివరి స్తంభం పక్కకి మడతలో పడుతుంది.

యాక్రిలిక్. నలుపు నల్లగా, లైట్లు మెరుస్తూ వస్తాయి. ఆర్చి మీద రైలు గీత, రోడ్ బ్రిడ్జి లైట్లు దీనిమీద చూడాలి. ఎదురుగా కిటికీ ఉన్న గోడకి మాత్రం వద్దు.

సన్‌బోర్డ్ (ఫోమ్ పలక). చవక, తేలిక, అద్దె ఇంటికి టేపుతో అంటించేయొచ్చు. కొన్నాళ్ళకి వంగొచ్చు. ఫ్లెక్సు గురించి అడగొద్దు.

దేనిమీదైనా, సాయంత్రం ఫొటో ప్రింటులో ఒక మెట్టు చీకటిగా వస్తుంది. ఫోన్ తెర తనకు తానే వెలుగుతుంది, కాగితం వెలగదు. తెర వెలుగు సగానికి తగ్గించి చూడండి. నీడలు కనబడకపోతే ప్రింటులోనూ కనబడవు, అర స్టాపు నుంచి ఒక స్టాపు (వెలుగు రెట్టింపు) పెంచి ఇవ్వండి. ఆకాశంలో రంగు మెట్లుమెట్లుగా విరిగితే వాట్సాప్‌లో పంపిన ఫైలే కారణం అయ్యుంటుంది. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) మీద పని చేసి, ఒరిజినల్‌ని పెన్‌డ్రైవ్‌లోనో ఈమెయిల్‌లోనో ఇవ్వాలి.

## మరి మీకేది?

కొత్తింటి హాలు, పొడవాటి సోఫా ఉంటే: హేవలాక్, అస్తమయం తర్వాత పది నిమిషాలు, 36×12 మ్యాట్, వెడల్పు తెల్ల మౌంట్ (ఫొటో చుట్టూ అట్ట అంచు). సోఫా అంచుకి ఏడెనిమిది అంగుళాల పైన కట్టండి, ఇంకా పైకెక్కిస్తే ఫొటో తేలిపోయినట్టుంటుంది.

క్లినిక్, ఆఫీసు రిసెప్షన్ అయితే: ఆర్చి మీద రైలు వెలుగు, యాక్రిలిక్. కూర్చున్నవాళ్ళు ఇది ఏ ఊరని అడగక్కర్లేని ఫొటో అదే.

ఫోన్ తప్ప ఏమీ లేకపోతే: పుష్కర ఘాట్, సూర్యుడు మునిగే ముందు ఆర్చి, 18×12 కాన్వాస్. అందరూ తీసిందే అయినా మీరు తీసింది కదా, ఇంట్లో దానికుండే విలువ వేరు.

హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటున్న గోదావరి వాళ్ళకి: పాత బ్రిడ్జి మీద రైల్లోంచి నదిలోకి నాణెం వేసిన తరం ఇంట్లో ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, హేవలాకే. ఫ్రేము కట్టించి కొరియర్ చేయకండి, అద్దం దారిలో పగులుతుంది. ఫైలు తీసుకెళ్ళి అక్కడే ప్రింటు వేయించుకోండి, లేదా కాగితం చుట్టి గొట్టంలో పంపించండి.

పెద్ద ప్రింటుకి డబ్బు కట్టే ముందు అదే ఫైలుని 6×4లో వేయించి, ఆ గోడకే అంటించి రాత్రి లైట్లలో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. స్తంభాలు రెండు సార్లూ కనబడితే ఆర్డర్ ఇచ్చేయొచ్చు.